యూదధర్మము: మౌలిక విశ్వాసములు, పరిభాష, సంప్రదాయము
(తెలుగు పదముల ఆధారముగా ఒక పరిశీలన)

ఉపోద్ఘాతము

నేడు శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైన పుట్టపర్తిలో, ప్రశాంతి నిలయ ప్రాంగణమున 1975లో నెలకొల్పిన సర్వధర్మ స్తూపమును హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారు ఎరుగనిది కాదు. వైదిక, బౌద్ధ, పారసీక, క్రైస్తవ, ఇస్లాము మతముల చిహ్నములు ఐదు దానిపై కలవు. వీనిలో చివరి రెండు మతములకు పూర్వరంగమైన యూదధర్మము ఆ ఐదింటిలో చేరలేదు. ఇది దోషకథనము కాదు. మన ప్రాంతమున యూదధర్మమునకు గల స్థితిని ఇది చక్కగా సూచించుచున్నదని చెప్పుటయే ఉద్దేశము. అబ్రాహాము, మోషే, దావీదు, సొలొమోను అను పేర్లు తెలుగువారికి సుపరిచితములు. ఆ పేర్లను తనవిగా భావించు ధర్మము మాత్రము అపరిచితము.

దీనికి కారణము సుస్పష్టము. యూదుల పవిత్ర గ్రంథము తెలుగువారికి క్రైస్తవ అనువాదముల ద్వారా చేరినది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు తెలుగు నేర్చి అనువాదమునకు పూనుకొనిరి. బ్రాహ్మణ కులమున పుట్టి క్రైస్తవమును స్వీకరించిన ఆనందరాయరు వారికి తోడ్పడెను. ఈ కృషి ఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున ముద్రితములైనవి. అటు తరువాతి అనువాదకులును సంస్కృత పరిభాషనే ఆశ్రయించిరి. అద్వితీయుడు, ధర్మశాస్త్రము, ప్రాయశ్చిత్తము, నైవేద్యము, యాజకుడు మున్నగు పదములు ఇట్లు హెబ్రూ భావములకు వాహకములైనవి.

ఇవన్నియు మన శాస్త్రములలోని మాటలు. ప్రతి పదమునకును మన సంప్రదాయమున నియతమైన అర్థము కలదు. కనుక ఈ పదములు యూదధర్మమును కొంత వెల్లడించి, కొంత మరుగుపరచుచున్నవి. ఏది వెల్లడియైనది, ఏది మరుగుపడినది అని విచారించుట ప్రాచ్యభాషాధ్యాపకుల పని. పైగా ఇది కేవల పాండిత్య విషయము కాదు. గుంటూరు జిల్లాలో తాము యూదులమని చెప్పుకొనుచు, తెలుగే మాతృభాషగా గల ఒక చిన్న సమాజము కలదు. వారి మాటను సరిగా అర్థము చేసికొనవలెనన్నను ఈ పరిభాషా విచారము ఆవశ్యకము.

నామ విచారము

యాకోబునకు ఇశ్రాయేలు అను నామాంతరము కలదు. అతని పన్నెండుగురు కుమారుల సంతతియే ఇశ్రాయేలు గోత్రములని సంప్రదాయము. యూదా ఆ కుమారులలో ఒకడు. యోసేపు మరియొకడు. ఎఫ్రాయిము యోసేపు కుమారుడు. సొలొమోను అనంతరము రాజ్యము రెండుగా చీలినది. ఉత్తర రాజ్యమునకు ఇశ్రాయేలు అనియు, ప్రధాన గోత్రమును బట్టి ఎఫ్రాయిము అనియు పేర్లు. దక్షిణ రాజ్యమునకు యూదా అని పేరు. ఉత్తర రాజ్యము క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరు చక్రవర్తులకు లోబడగా, అందలి పది గోత్రములవారు చెదరిపోయిరి. దక్షిణ రాజ్యము క్రీ.పూ. 586లో బబులోనుకు వశమైనను, ఆ ప్రజలు చెరనుండి మరలివచ్చి యెరూషలేములో ఆలయమును పునర్నిర్మించుకొనిరి. ఈ యూదా ప్రజలను బట్టియే 'యెహూది', అనగా యూదుడు, అను వ్యవహారము ఏర్పడినది. చెదరిన పది గోత్రములు ఏమైనవను ప్రశ్న మాత్రము నిలిచిపోయినది. ఈ ప్రశ్నయే ఆంధ్రదేశము వరకు వచ్చిన తీరును వ్యాసాంతమున చూడగలము.

ఈశ్వర భావన

యూదధర్మమునకు మూలకందము ఏకేశ్వర విశ్వాసము. ప్రతి యూదుడు ఉదయము, రాత్రి రెండు వేళల పఠింపవలసిన వాక్యసముదాయమునకు 'షెమా' అని పేరు. షెమా అనగా వినుము అని అర్థము. శ్రవణార్థక ధాతువునుండి ఏర్పడిన 'శ్రుతి' శబ్దము మనకు పరమ ప్రమాణవాచకమైనట్లు, వారికిని విశ్వాస ప్రకటనము వినుటతోనే ఆరంభమగుట గమనింపదగినది. అందు ఈశ్వరుని గూర్చి 'ఎహాద్' అను పదము కలదు. ఎహాద్ అనగా ఒకటి. తెలుగు అనువాదకులు దీనిని 'అద్వితీయుడు' అనిరి. పదము గంభీరమైనది. అయితే అద్వైత వేదాంతమును అధ్యయనము చేసినవారికి ఇచట భ్రాంతి కలుగు అవకాశము కలదు. షెమా చెప్పునది ఈశ్వరుడొక్కడే అని, అన్యదైవము ఆరాధ్యము కాదని. జీవేశ్వరుల అభేదమును అది ప్రతిపాదింపదు. స్రష్టకును సృష్టికిని గల భేదము యూదధర్మమున దృఢమైనది.

ఇక ఈశ్వర నామము. హెబ్రూ భాషలో యోద్, హే, వావ్, హే అను నాలుగు హల్లులతో వ్రాయబడు నామము పరమ పవిత్రము. యెరూషలేము ఆలయమున్న కాలమున ప్రధాన యాజకుడు ప్రాయశ్చిత్త దినమున దానిని ఉచ్చరించెడివాడు. ఆలయము నశించిన పిదప యూదులెవ్వరును దానిని ఉచ్చరింపరు. గ్రంథమున ఆ నామము కనబడినపుడు 'అదోనాయ్', అనగా నా ప్రభువు, అని చదువుదురు. సామాన్య సంభాషణలో 'హషేమ్', అనగా ఆ నామము, అని మాత్రమే అందురు. హెబ్రూ లిపిలో మొదట అచ్చులకు గుర్తులు లేవు. క్రీస్తు శకారంభమునకు కొన్ని శతాబ్దుల తరువాత మసోరా పండితులు స్వరచిహ్నములను కల్పించి, ఈ నాలుగు హల్లులకు చదువవలసిన అదోనాయ్ పదము యొక్క అచ్చుగుర్తులను చేర్చిరి. ఆ హల్లులను ఈ అచ్చులతో కలిపి చదివిన పాశ్చాత్యుల పాఠమునుండి 'యెహోవా' అను రూపము పుట్టినది. కనుక తెలుగున యూదుల దేవుని పేరుగా ప్రసిద్ధమైన పదము, సంప్రదాయ యూదుడు ఎన్నడును పలుకని పదము! గురువు పేరును ఉచ్చరింపరాదను నియమమును పాటించిన మన పెద్దలకు ఈ నామగౌరవము అర్థము కానిది కాదు.

విశ్వాసాంశములను సూత్రప్రాయముగా సంగ్రహించినవాడు మైమోనిదెసు అని ప్రసిద్ధుడైన మోషె బెన్ మైమోన్ (1138–1204). స్పెయిను దేశపు కొర్దొవా నగరమున జన్మించి, ఈజిప్టులో స్థిరపడిన ఇతడు వైద్యుడు, దార్శనికుడు, ధర్మనిబంధనకారుడు. ఇతడు చెప్పిన 13 మూలసూత్రముల సారాంశమిది: ఈశ్వరుడు కలడు, ఏకుడు, నిరాకారుడు, అనాది, ఆతడే ఉపాస్యుడు. ప్రవక్తల వాక్కు సత్యము. మోషే ప్రవక్తలలో అగ్రగణ్యుడు. తోరా ఈశ్వరదత్తము, మార్పులేనిది. ఈశ్వరుడు సర్వజ్ఞుడు, కర్మఫలప్రదాత. మెస్సీయ రానున్నాడు, మృతులకు పునరుత్థానము కలదు. ఈ సూత్రములను గూర్చి తరువాతి పండితులు వాదోపవాదములు చేసిరి. అంతటి వాదము జరిగినను సమాజము చీలలేదు. ఏలయన యూదధర్మమున సిద్ధాంత స్వీకారముకంటె విధ్యనుష్ఠానమునకే ప్రాధాన్యము.

ప్రమాణ గ్రంథములు

యూదుల గ్రంథరాశికి 'తనఖ్' అని పేరు. తోరా, నెవియీమ్, కెతువీమ్ అను మూడు భాగముల తొలి అక్షరములతో ఏర్పడిన సంకేతమిది. తోరా మోషే ద్వారా వచ్చిన పంచగ్రంథి. నెవియీమ్ ప్రవక్తల గ్రంథములు. కెతువీమ్ అనగా లిఖితములు. కీర్తనలు, సామెతలు, యోబు మున్నగునవి ఇందు చేరును. యూదుల లెక్కలో మొత్తము 24 గ్రంథములు. వీనినే క్రైస్తవులు 'పాత నిబంధన' అందురు. క్రొత్త నిబంధనను అంగీకరించినవారికే మొదటిది పాతది. యూదులకు అది పాతది కాదు, కనుక ఆ పేరును వారు వాడరు.

తెలుగున తోరాకు 'ధర్మశాస్త్రము' అను పర్యాయము రూఢమైనది. హెబ్రూలో తోరా శబ్దమునకు ఉపదేశము అని అర్థము. మన విభాగమున ధర్మశాస్త్రము స్మృతి. తోరా స్థానము శ్రుతిది. మనుస్మృతివలె మానవకర్తృకమైన గ్రంథమని తోచునట్లు చేయుట ఈ అనువాదములోని కొరత. అయితే తోరా అపౌరుషేయము అనుటయు పొసగదు. మీమాంసకుల వేదమునకు కర్త లేడు. తోరాకు ఈశ్వరుడు కర్త. ఈ విషయమున నైయాయికుల మతమే యూదులకు చేరువ.

లిఖిత తోరాతో పాటు మౌఖిక తోరా కూడ సీనాయి పర్వతముననే మోషేకు ఉపదేశింపబడి, గురుశిష్య పరంపరగా వచ్చినదని యూదుల విశ్వాసము. లిఖితమును కంఠస్థముగా అప్పగింపరాదు, మౌఖికమును వ్రాయరాదు అను నియమము తల్మూదున కలదు. నేటికిని ప్రార్థనాలయమున తోరాను చర్మపత్రపు చుట్టనుండి చూచియే చదువవలెను. ఎంత కంఠస్థమైనను చూడక చెప్పరాదు. మన వేదపాఠమున దీనికి విపర్యయము: చూచి చదువువాడు అధమపాఠకులలో లెక్క. అయినను రెండు సంప్రదాయముల లక్ష్యమొక్కటే, అక్షరము చెడరాదు. తోరా చుట్టను వ్రాయు లేఖకుడు ఒక్క అక్షరము తప్పినను, దిద్దువరకు ఆ చుట్ట పఠనయోగ్యము కాదు. పఠనమునకు స్వరనియమములు కలవు. తోరా 54 భాగములుగా విభక్తమై ఒక సంవత్సరమున పారాయణము పూర్తియగును.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము ఆలయమును ధ్వంసము చేసిరి. బలులు, హోమములు, నైవేద్యములు ఆ ఆలయమునకే పరిమితములు గనుక నాటితో నిలిచిపోయినవి. యాజక వంశము మిగిలినది గాని యజ్ఞము మిగులలేదు. యజ్ఞస్థానమున ప్రార్థనయు స్వాధ్యాయమును నిలిచినవి. మన పంచమహాయజ్ఞములలో స్వాధ్యాయమే బ్రహ్మయజ్ఞమైనట్లు, యూదులకు అధ్యయనమే ఆరాధనమైనది. పరంపర విచ్ఛిన్నమగునను భయముతో మౌఖిక తోరాను గ్రంథస్థము చేయవలసివచ్చినది. క్రీ.శ. 200 ప్రాంతమున యెహుదా హనాసి 'మిష్నా'ను సంకలనము చేసెను. ఇది 6 విభాగములు, 63 ప్రకరణములు గలది, సూత్రప్రాయమైన శైలి. దానిపై జరిగిన చర్చలకు 'గెమారా' అని పేరు. మిష్నా గెమారాలు కలిసి 'తల్మూదు'. తల్మూదు రెండు విధములు: యెరూషలేము తల్మూదు, బబులోను తల్మూదు. క్రీ.శ. 500 ప్రాంతమునకు రూపుదిద్దుకొన్న బబులోను తల్మూదు ప్రమాణములలో అధికతరము.

తల్మూదు పుటను చూచినచో మన సవ్యాఖ్యాన గ్రంథములు జ్ఞప్తికి వచ్చును. నడుమ మూలము, ఒక ప్రక్క ఫ్రాన్సు దేశీయుడైన రాషి (1040–1105) వ్యాఖ్య, వేరొక ప్రక్క 'తొసఫోత్' అను ఉత్తరవ్యాఖ్యలు. రోజుకొక పత్రము చొప్పున ప్రపంచమంతట ఏకకాలమున చదువు పద్ధతి 1923లో ఆరంభమైనది. ఆ లెక్కన గ్రంథము ముగియుటకు ఏడున్నర సంవత్సరములు పట్టును.

విధి నిషేధములు

తోరాలో 613 ఆజ్ఞలు కలవని తల్మూదు చెప్పుచున్నది. ఒక్కొక్క ఆజ్ఞకు 'మిత్స్వా' అని పేరు. వీనిలో 248 విధులు, 365 నిషేధములు. మొదటిది మానవ శరీరావయవముల సంఖ్య అనియు, రెండవది సౌరసంవత్సర దినముల సంఖ్య అనియు అచటనే వివరణ. శరీరమంతయు, సంవత్సరమంతయు ధర్మబద్ధము కావలెనని తాత్పర్యము. ఆలయ సంబంధములైన ఆజ్ఞలు నేడు అనుష్ఠింప వీలులేనివి.

ఆజ్ఞలను 'మిష్పతీమ్', 'హుక్కీమ్' అని రెండుగా విభజింతురు. దొంగతనము కూడదనుట వంటి, ప్రయోజనము స్పష్టమైనవి మిష్పతీమ్. నార, ఉన్ని కలిపి నేసిన వస్త్రమును ధరింపరాదనుట వంటి, హేతువు తెలియరానివి హుక్కీమ్. మీమాంసకుల దృష్టార్థ, అదృష్టార్థ విభాగము ఇచట స్మరింపదగినది. తోరాలోను తల్మూదులోను గల కథాభాగమునకు 'అగ్గాదా' అనియు, ఆచరణ నిర్ణాయక భాగమునకు 'హలఖా' అనియు పేర్లు. మన అర్థవాదమునకును విధికిని గల సంబంధము వంటిదే వీనిదియు. హలఖా శబ్దము నడచుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. మన 'ఆచార' శబ్దము కూడ గమనార్థకమైన చర్ ధాతువునుండి పుట్టినదే. పరస్పర సంబంధము లేని రెండు భాషలు ధర్మమును నడకగా, నడతగా ఊహించుట రమణీయము.

ప్రాణరక్షణకై మిత్స్వాలను ఉల్లంఘింపవచ్చును, ఉల్లంఘింపవలెను కూడ. విగ్రహారాధన, నరహత్య, నిషిద్ధ స్త్రీపురుష సంబంధము అను మూడింటికి మాత్రము ఈ మినహాయింపు లేదు. ఇది వారి ఆపద్ధర్మము. 613 ఆజ్ఞలు యూదులకే. ఇతరులు నోవహు సంతతికి విధింపబడిన 7 ధర్మములను పాటించిన చాలును. అందుచేతనే యూదధర్మము ఇతరులను తనలోనికి పిలుచుటకు ఉత్సాహము చూపదు.

వ్యాఖ్యాన న్యాయములు

విధివాక్యముల అర్థనిర్ణయమునకు హిల్లేలు 7 న్యాయములను, రబ్బీ ఇష్మాయేలు 13 న్యాయములను చెప్పిరని సంప్రదాయము. వీనిలో మొదటిది 'కల్ వహోమెర్'. తేలికదానినుండి బరువైనదానిని నిర్ణయించుట అని అర్థము. పండుగనాడే నిషిద్ధమైన పని సబ్బాతునాడు నిషిద్ధమని వేరుగ చెప్పనక్కరలేదు, సబ్బాతు పండుగకంటె గురుతరము గనుక. ఇది మన కైముతిక న్యాయమే. 'గెజెరా షావా' అనునది రెండు తావులలోని సమాన పదమును బట్టి ఒకచోటి నియమమును మరియొకచోటికి చేర్చుట. 'కెలాల్ ఉఫెరాత్' అనునది సామాన్య విశేషముల విచారము. మీమాంసా శాస్త్రమును చదివినవారు తల్మూదు అధ్యయనశాలలో అపరిచితులవలె నిలువనక్కరలేదని దీనివలన తేలుచున్నది.

ఒక ఉదాహరణము. మేకపిల్లను దాని తల్లిపాలతో వండరాదను నిషేధము తోరాలో మూడు చోట్ల కలదు. ఈశ్వరవాక్యమున పునరుక్తి వ్యర్థము కారాదు గదా! కనుక మూడింటికి మూడు ప్రయోజనములను కల్పించిరి: వండరాదు, తినరాదు, దానివలన లాభమును పొందరాదు. ఆపై పొరపాటు జరుగకుండ కోడిమాంసమును సైతము ఈ నియమమున చేర్చిరి. మాంసపు పాత్రలు వేరు, పాల పాత్రలు వేరు అయినవి. నేడు ఆచారపరాయణులైన యూదుల వంటయిండ్లలో కనబడు రెండు జతల గిన్నెలకు మూలము ఈ వాక్యవిచారమే.

మతభేదములను కప్పిపుచ్చక భద్రపరచుట తల్మూదు విశిష్టత. హిల్లేలు సంప్రదాయము, షమ్మాయి సంప్రదాయము పలుచోట్ల విభేదించినవి. ఆచరణకు హిల్లేలు పక్షము స్వీకృతమైనను, షమ్మాయి పక్షమును గ్రంథమునుండి తొలగింపలేదు. అదియు ఈశ్వర వాక్కునందలి భాగమేయని వారి భావన.

కాలము, పర్వములు

యూదుల పంచాంగము చాంద్రసౌరము. 19 సంవత్సరములలో 7 సార్లు అదార్ అను మాసము అధికముగ వచ్చును. అధికమాసమును ఎరిగిన మనకు ఇది సుగ్రాహ్యము. అయితే మనకు దినము సూర్యోదయముతో, వారికి సూర్యాస్తమయముతో మొదలగును.

పర్వములలో అగ్రస్థానము వారమునకొకసారి వచ్చు సబ్బాతుదే. శుక్రవారము సూర్యాస్తమయమునకు పూర్వము గృహిణి దీపములను వెలిగించును. ద్రాక్షారసముపై ఆశీర్వచనము పలికి, రెండు రొట్టెలతో భోజనము చేయుదురు. శనివారము రాత్రి నక్షత్రములు కనబడు వరకు 39 విధములైన పనులు నిషిద్ధములు. తెలుగున దీనిని 'విశ్రాంతి దినము' అనుట ఉచితమే గాని, ఇది అలసట తీర్చుకొను దినము మాత్రమే కాదు. నిషిద్ధములైన ఆ 39 పనులును ఎడారిలో ప్రత్యక్ష గుడారమును నిర్మించుటకు వలసిన పనులు. నిర్మాణమును విడిచి, సృష్టికర్త వేరొకడని తెలియుట సబ్బాతు సారము.

నిసాన్ మాసపు పౌర్ణమి వేళ పెసహ్ వచ్చును. తెలుగున పస్కా. ఈజిప్టు దాస్యమునుండి విముక్తికి స్మారకమిది. పులియని రొట్టె తిందురు. దాస్యపు చేదునకు గుర్తుగా చేదుకూరను నములుదురు. ఈ రాత్రి తక్కిన రాత్రులకంటె ఏల భిన్నమైనదని ఇంటిలోని చిన్న పిల్లవాడు ప్రశ్నింపగా పెద్దలు కథను చెప్పుదురు. పరంపర పిల్లవాని ప్రశ్నతో మొదలగుట ఈ పండుగ మర్మము. అటుపై 50వ దినమున షావుఓత్, అనగా వారముల పండుగ. తోరా ప్రదానమునకు స్మారకము.

తిష్రీ మాసారంభమున రోష్ హషానా, అనగా సంవత్సరాది. పొట్టేలు కొమ్ముతో చేసిన 'షోఫర్' ఊదుదురు. 10వ దినము యోమ్ కిప్పూర్. సుమారు 25 గంటల నిరాహార నిర్జల ఉపవాసము. దీనికి 'ప్రాయశ్చిత్త' శబ్దము బాగుగ అమరినది. ఒక్క విషయము మాత్రము చేర్చవలెను. ఈశ్వరునియెడల చేసిన దోషములకే ఆ దినము ప్రాయశ్చిత్తము. తోటి మానవునికి చేసిన అపకారమునకు, అతనిని ప్రసన్నుని చేసికొననంతవరకు నిష్కృతి లేదని మిష్నా శాసనము. పశ్చాత్తాపమునకు హెబ్రూ పదము 'తెషువా', అనగా మరలుట. తెలుగు గ్రంథమందలి 'మారుమనస్సు' మనసు మార్పును చెప్పును. తెషువా దారి మార్పును చెప్పును. నడతయే ధర్మమైనచోట పాపము దారి తప్పుట, పశ్చాత్తాపము తిరిగి దారికి వచ్చుట.

15వ దినమున సుక్కోత్. దీనిని 'పర్ణశాలల పండుగ' అని తెనిగించుట అనువాదకుల ప్రతిభకు నిదర్శనము. ఆకుల కప్పుగల పందిళ్లలో భోజనము చేయుదురు. ఖర్జూరపు మట్ట మున్నగు మూడు విధముల కొమ్మలతో పాటు మాదీఫలమును చేతబట్టి ప్రార్థింతురు. హనుక్కా ఎనిమిది రాత్రుల దీపోత్సవము, క్రీ.పూ. 164లో ఆలయ పునఃప్రతిష్ఠకు స్మారకము. పూరీమ్ ఎస్తేరు కథకు సంబంధించినది.

సంస్కారములు, సమాజము

మగశిశువునకు 8వ దినమున సున్నతి. బాలుడు 13 ఏండ్లకు, బాలిక 12 ఏండ్లకు ఆజ్ఞాబద్ధులగుదురు. నుదుటను, బాహువునను కట్టుకొను 'తెఫిల్లీన్', ద్వారబంధమునకు అమర్చు 'మెజూజా' షెమా వాక్యములను ధరించినవి. వివాహమున పందిరి, భార్య హక్కులను తెల్పు 'కెతుబా' అను ఒడంబడిక పత్రము ముఖ్యములు. మృతులను ఖననము చేయుదురు. 7 దినములు, 30 దినములు సూతకము వంటి నియమములు కలవు. కుమారుడు 11 నెలలు 'కద్దీష్' పఠించును. చాంద్రమానముననుసరించి ప్రతి సంవత్సరము మరణదినమును పాటింతురు. మన ఆబ్దికము జ్ఞప్తికి వచ్చును. అయితే కద్దీష్‌లో మరణ ప్రస్తావనయే లేదు, అది ఈశ్వరస్తుతి.

'సమాజ మందిరము' అను తెలుగు పదము హెబ్రూ 'బేత్ క్నెసెత్'కు సరియైన అనువాదము. ఆ పదమునకు కూడిక యిల్లు అని అర్థము. సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండవలెను. రబ్బీ యాజకుడు కాడు, ఆచార్యుడు. యాజకత్వము అహరోను వంశమున పుట్టుకచే వచ్చును, రబ్బీ పదము విద్యచే వచ్చును.

యూదుడెవడు? హలఖా ప్రకారము యూద మాతకు జన్మించినవాడు. లేదా ముగ్గురు సభ్యుల న్యాయసభ ఎదుట ఆజ్ఞలను స్వీకరించి, సున్నతి, స్నానము అను సంస్కారములచే ప్రవేశించినవాడు. విశ్వాస ప్రకటన మాత్రము చాలదు. ఈ నియమమును మనసున నుంచుకొని ఆంధ్రదేశమునకు వత్తము.

ఆంధ్రదేశ సంబంధము

భారతదేశముతో హెబ్రూ భాషకు గల సంబంధము ప్రాచీనము. ఎస్తేరు గ్రంథమున మన దేశమునకు 'హోద్దు' అను పేరు కలదు. అందే నూలుబట్టకు వాడిన 'కర్పాస్' శబ్దము సంస్కృత కార్పాసము. సొలొమోను ఓడలలో వచ్చిన నెమళ్లకు వాడిన 'తుక్కీ' శబ్దము తమిళ 'తోకై' అని కాల్డ్వెల్ అభిప్రాయము. అది తెలుగు 'తోక'కు సోదరపదము. ఈ వ్యుత్పత్తిని అందరు అంగీకరింపలేదు.

గోలకొండ రాజ్యమున జరిగిన ఒక ఘట్టము అంతకంటె విలువైనది. పారసీక దేశమున యూద కుటుంబమున పుట్టి, హెబ్రూ గ్రంథములను చదివి, పిదప ఇస్లామును స్వీకరించిన సర్మదు అను కవి, అభయచందు అను హిందూ శిష్యునితో హైదరాబాదుకు వచ్చెను. 'దబిస్తానె మజాహిబ్' అను పారసీక సర్వమత సంగ్రహమును రచించినవాడు 1647లో అచట సర్మదును కలిసికొనెను. ఆ గ్రంథమందలి యూదమత ప్రకరణమునకు సర్మదు చెప్పిన విషయములే ఆధారము. అభయచందు పారసీకమున అనువదించిన తోరా ప్రథమ భాగమును అందు చేరినది. సర్మదు ఔరంగజేబు కాలమున, 1661 ప్రాంతమున, ఢిల్లీలో వధింపబడెను. తెలుగు నేలపై యూదధర్మమును దాని గ్రంథములను చదివినవాని నోటినుండి విని వ్రాసికొనుట ఇట్లు 17వ శతాబ్దిలోనే జరిగినది. ఆ కృషికి తెలుగున కొనసాగింపు లేకపోయినది.

ఇక వర్తమానము. చతుర్ముఖ బ్రహ్మాలయముచే ప్రసిద్ధమైన చేబ్రోలు చేరువ, కొత్తరెడ్డిపాలెమున 'బెనె ఎఫ్రాయిమ్' అను సమాజము కలదు. ఎఫ్రాయిము పుత్రులు అని ఈ పేరునకు అర్థము. మాదిగ కులమునకు చెంది, అంతకు పూర్వము క్రైస్తవులుగా నున్న ఈ కుటుంబములు 1980వ దశకము చివరనుండి యూదాచారములను బహిరంగముగ పాటింప నారంభించినవి. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరులు వీరికి నాయకత్వము వహించిరి. చిన్న సమాజ మందిరమును నిర్మించుకొనిరి. సబ్బాతును, పండుగలను పాటించుచు హెబ్రూ నేర్చుకొనుచున్నారు. తాము చెదరిన పది గోత్రములలోని ఎఫ్రాయిము సంతతివారమనియు, తమ పూర్వాచారములలో కొన్ని ఇశ్రాయేలు సంప్రదాయపు శేషములనియు వారి వాదము. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరి జీవితమును దగ్గరనుండి చూచి రచించిన గ్రంథమును 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించినది.

ఈ వాదమును ఎట్లు విచారింపవలెను? శాసనములు, ప్రాచీన లిఖితములు ఆధారముగా వంశక్రమమును నిరూపించుట చరిత్రకారుని పద్ధతి. అట్టి ఆధారములు ఇచట వెలువడలేదు. హలఖా పద్ధతి వేరు. కొంకణమున నూనె గానుగలు ఆడించుచు, శనివారము పని మానుటచే 'శనివార తేలీలు' అని పిలువబడిన బెనె ఇస్రాయేలువారికి గ్రంథములు లేవు. షెమా మాత్రము మిగిలినది. వారు నిస్సంశయముగ యూదులే అను నిర్ణయము 1964లో గాని ఇశ్రాయేలు దేశమున స్థిరపడలేదు. ఈశాన్య భారతమందలి బెనై మెనాషేవారిని ఆ దేశపు ప్రధాన రబ్బీ ఒకరు 2005లో ఇశ్రాయేలు సంతతిగ అంగీకరించిరి. అయినను వారు విధిపూర్వక ప్రవేశ సంస్కారమును పొందవలసియే వచ్చినది. కొత్తరెడ్డిపాలెము వారికి అట్టి అంగీకారము లభింపలేదు.

ఇచట ఒక సూక్ష్మము కలదు. తాము పుట్టుకతో తక్కువవారమని శతాబ్దులుగ చెప్పించుకొనినవారు, వేరొక పుట్టుకను తమదిగా ప్రకటించుకొనుచున్నారు. ఆ ధర్మమున సైతము పుట్టుకయే తొలి ప్రశ్నగ వారికి ఎదురైనది! అయితే ఆ ధర్మమే రెండవ ద్వారమును తెరచియుంచినది: ఆజ్ఞలను స్వీకరించి నడచువానికి ప్రవేశము కలదు, ప్రవేశించినవానికి అతని పూర్వస్థితిని గుర్తుచేసి నొప్పింపరాదని తల్మూదు విధించినది. మన శాస్త్రములు దీర్ఘకాలము పంచములకు నిరాకరించిన స్వాధ్యాయమును వారు ఒక పరభాషలో, పరలిపిలో వెదకికొనుట ప్రాచ్యవిద్యాధ్యాపకులు ఆలోచింపవలసిన విషయము.

ఉపసంహారము

యూదధర్మము క్రైస్తవమునకు పీఠిక మాత్రమే కాదు. స్వతంత్రమైన విధిప్రధాన ధర్మము. దానిని అర్థము చేసికొనుటకు వేదాంత పరిభాషకంటె పూర్వమీమాంసా పరిభాష అధికోపకారి. 'సమాజ మందిరము', 'ప్రాయశ్చిత్తము', 'పర్ణశాలల పండుగ' చక్కని అనువాదములు. 'అద్వితీయుడు', 'ధర్మశాస్త్రము', 'విశ్రాంతి దినము' వివరణతో వాడదగినవి. 'పాత నిబంధన', 'యెహోవా' అనునవి క్రైస్తవ వాఙ్మయమున సాధువులే అయినను, యూదులను గూర్చి వ్రాయునపుడు 'తనఖ్', 'అదోనాయ్' అనుట ఉచితము.

కొత్తరెడ్డిపాలెపు సమాజము యూదసమాజమా కాదా అను నిర్ణయము హలఖా పండితులది. వంశవాదము చరిత్రకారులది. తెలుగు పండితులకు మిగిలిన కర్తవ్యము వేరు. తెలుగున మాటలాడుచు సబ్బాతు దీపమును వెలిగించు కుటుంబమునకు తన ధర్మమును తన భాషలో చదువుకొనుటకు ఒక్క ప్రామాణిక పరిభాషాకోశమైనను నేడు కావలసియున్నది. మీమాంస, వ్యాకరణము, ధర్మశాస్త్రము తెలిసిన ప్రాచ్య కళాశాలలవారు హెబ్రూ తెలిసినవారితో కలిసి ఈ పనికి పూనుకొనినచో, హైదరాబాదున సర్మదు, అభయచందుల నాడు ఆరంభమై ఆగిపోయిన సంభాషణము తిరిగి మొదలగును.